ఇంట్లో వెబ్ సర్వర్ పెట్టాలంటే ముందు రూటర్‌ని అడగాల్సిన ప్రశ్న

సర్వర్ పెట్టడం పది నిమిషాల పని. దాన్ని ఇంటి రూటర్ దాటించి బయటివాళ్ళకి కనిపించేలా చేయడమే అసలు తతంగం, నాకు ఈ సంగతి రెండు రాత్రులు నిద్ర పాడుచేసుకున్నాక గానీ అర్థం కాలేదు. మా పెద్దనాన్నగారు ఊళ్ళో రామాలయంలో పాడిన భజనల రికార్డింగులు నూట ముప్పై దాకా నా దగ్గరున్నాయి. డల్లాస్‌లో ఉండే అక్క "వాట్సాప్‌లో ఒక్కొక్కటీ పంపే బదులు ఎక్కడైనా ఒకచోట పెట్టరా, మేమే వింటాం" అంది. ఏ డ్రైవ్‌లోనో పడేస్తే సరిపోయేదే, కానీ మూలన పాత ల్యాప్‌టాప్ ఖాళీగా ఉంది, ఫైబర్ కనెక్షన్ ఉంది, చేతులు ఊరుకోవు కదా.

మొదటి రాత్రంతా రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి పిలుపుని లోపలి మెషీన్‌కి పంపే సెట్టింగ్) పేజీలో గడిచింది. దొరికిన ప్రతి వీడియో చూశాను, రూటర్‌ని ఎన్నిసార్లు రీస్టార్ట్ చేశానో లెక్కలేదు, ఇంట్లోవాళ్ళు సీరియల్ ఆగిపోతోందని తిట్టారు కూడా. తీరా చూస్తే నా సెట్టింగుల్లో తప్పేమీ లేదు. నా కనెక్షన్‌కి అసలు సొంత పబ్లిక్ ఐపీయే, అంటే బయటి ఇంటర్నెట్‌కి తెలిసిన అడ్రసే, లేదు! అందుకే ఏ సాఫ్ట్‌వేరూ దించకముందే ఈ ఒక్క పరీక్ష చేసుకోండి.

బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టండి, కొన్ని రూటర్లకి అది 192.168.0.1 గానీ ఇంకోటి గానీ అవుతుంది, రూటర్ అడుగున అంటించిన స్టిక్కర్ మీద పాస్‌వర్డ్‌తో సహా రాసి ఉంటుంది. లోపల స్టేటస్ అనో వాన్ (WAN, బయటి వైపు కనెక్షన్) అనో ఉన్న పేజీలో ఒక ఐపీ అడ్రస్ కనిపిస్తుంది, దాన్ని కాగితం మీద రాసుకోండి. ఇప్పుడు గూగుల్‌లో "వాట్ ఈజ్ మై ఐపీ" అని వెతికి, ఏ సైటైనా చూపించే ఐపీవీ4 అడ్రస్‌ని (మధ్యలో చుక్కలతో నాలుగు సంఖ్యలుండేది) పక్కన రాసుకోండి. రెండూ ఒకటే అయితే మీరు అదృష్టవంతులు, హాయిగా ముందుకెళ్ళొచ్చు. వేరు వేరుగా ఉంటే మాత్రం ఆగండి. ముఖ్యంగా రూటర్ చూపించే అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే అది సీజీన్యాట్ (ఇంటర్నెట్ కంపెనీ ఒకే బయటి అడ్రస్‌ని చాలా ఇళ్ళకి పంచే పద్ధతి) అని ఖాయం చేసుకోవచ్చు, ఆ వరుసని 2012లో సరిగ్గా ఈ పనికే కేటాయించారు. 10తో గానీ, 172.16 నుంచి 172.31 లోపు గానీ, 192.168తో గానీ మొదలైనా అది బయటి ప్రపంచానికి తెలిసిన అడ్రస్ కాదు.

దీని వెనక కథ చెప్తాను, ఇది తెలిస్తే మిగతావన్నీ వాటంతట అవే తెలుస్తాయి. ఐపీవీ4 అడ్రసులు మొత్తం కలిపి 430 కోట్లకి కొంచెం తక్కువ. మన ఆసియా వైపు అడ్రసులు పంచే సంస్థ దగ్గర నిల్వ 2011లోనే చివరి వాటాకి వచ్చేసింది, అప్పటినుంచి పొదుపుగా చిన్న చిన్న ముక్కలే ఇస్తోంది. అందుకని ఇంటికి ఒకటే అడ్రస్, ఇంట్లో ఉన్న ఫోన్లూ టీవీలూ అన్నీ దాని వెనక. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్‌లాగా రూటర్ కూర్చుంటుంది. లోపలివాళ్ళు బయటికెళ్తే ఎవరు వెళ్ళారో గుర్తుపెట్టుకుని, వాళ్ళకి వచ్చిన జవాబుని తిరిగి వాళ్ళకే ఇస్తుంది. బయటినుంచి పిలవకుండా వచ్చినవాడిని మాత్రం లోపలికి రానివ్వదు, ఏ ఫ్లాటుకి పంపాలో తనకి తెలియదు కాబట్టి. పోర్ట్ అంటే ఒక్కో సేవకి ఒక్కో నంబర్, వెబ్ పేజీలకి 80. పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే "80 పేరు చెప్పి ఎవరొచ్చినా ఫలానా ఫ్లాటుకి పంపు" అని వాచ్‌మన్‌కి చెప్పి పెట్టడమే. మరి సీజీన్యాట్? మీ అపార్ట్‌మెంట్ ఉన్న కాలనీకి ఇంకో పెద్ద గేటు, అక్కడ కంపెనీ పెట్టిన ఇంకో వాచ్‌మన్. మీ వాచ్‌మన్‌కి మీరు ఎన్ని చెప్పినా ఆ పెద్ద గేటు దగ్గరే వెనక్కి పంపేస్తారు, అతనికి చెప్పే అధికారం మీకు లేదు.

సీజీన్యాట్ అని తేలితే మూడు దారులు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి "స్టాటిక్ ఐపీ (మారని పబ్లిక్ ఐపీ) కావాలి" అని అడగడం మొదటిది, చాలా కంపెనీలు నెలకి కొంత అదనంగా తీసుకుని ఇస్తాయి. మొదట ఫోనెత్తినవాళ్ళు రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేయమంటారు, ఓపిగ్గా విని టికెట్ నంబర్ తీసుకోండి. కనెక్షన్ ఇచ్చింది లోకల్ కేబుల్ అతనైతే కస్టమర్ కేర్ కంటే ఆ అన్నకే ఫోన్ చేయండి, పని తొందరగా అవుతుంది. అలాగే మీ ప్లాన్ నిబంధనల్లో ఇంటి కనెక్షన్ మీద సర్వర్ నడపొద్దని ఉందేమో ఒకసారి చూసుకోండి, కొందరు రాస్తారు. రెండోది ఐపీవీ6 అనే కొత్త తరం అడ్రసులు, మూడోది టన్నెల్. వాటి గురించి కిందకొచ్చాక చెప్తాను.

ఇంకో చిన్న తిరకాసు. కంపెనీవాళ్ళ ఫైబర్ బాక్స్‌కి మీరు కొన్న వైఫై రూటర్ తగిలించి ఉంటే, మీ రూటర్‌లో కనిపించే 192.168 అడ్రస్ ఆ బాక్స్ ఇచ్చింది కావచ్చు. అంటే ఇద్దరు వాచ్‌మన్లూ మీ ఇంట్లోనే ఉన్నారన్నమాట. అప్పుడు బాక్స్‌ని బ్రిడ్జ్ మోడ్‌లో (వాచ్‌మన్ పని మానేసి ఊరికే దారి ఇచ్చే మోడ్) పెట్టమని అడగండి, కుదరదంటే బాక్స్‌లో ఒకసారి, రూటర్‌లో ఒకసారి, రెండుచోట్లా ఫార్వర్డ్ చేయాలి.

ఇక మెషీన్ సంగతి. ల్యాప్‌టాపే మేలని నా అభిప్రాయం, మన కరెంటుకి అది పుట్టుకతోనే యూపీఎస్ ఉన్న సర్వర్. ఖర్చు లెక్క కూడా చూడండి: 15 వాట్లు తినే ల్యాప్‌టాప్ నెలంతా ఆగకుండా నడిస్తే 11 యూనిట్ల లోపే అవుతుంది, అదే 80 వాట్ల పాత డెస్క్‌టాప్ అయితే దాదాపు 58 యూనిట్లు, స్లాబు మారిందంటే ఉచిత సర్వర్ సరదా బిల్లులో కనబడుతుంది. రాస్ప్‌బెర్రీ పై ఇంకా తక్కువ తింటుంది గానీ మెమరీ కార్డు మీద నెలల తరబడి రాస్తూ పోతే కార్డు చచ్చిపోతుంది, పెడితే ఎస్ఎస్‌డీ తగిలించి పెట్టండి. ల్యాప్‌టాప్‌తో ఒక్కటే జాగ్రత్త: ఎప్పుడూ ఛార్జింగ్‌లోనే ఉండే పాత బ్యాటరీ ఉబ్బుతుంది, అప్పుడప్పుడు తిరగేసి చూడండి, ఉబ్బినట్టు అనిపిస్తే తీసి పక్కన పెట్టేయండి.

నేను డెబియన్ అనే లైనక్స్ వేశాను, ఐకాన్లుండే డెస్క్‌టాప్ తెర లేకుండా. మూత వేస్తే నిద్రపోకుండా ఉండాలంటే సిస్టమ్‌డీ ఫోల్డర్‌లో ఉండే లాగిన్‌డీ కాన్ఫ్ ఫైల్ తెరిచి, హ్యాండిల్ లిడ్ స్విచ్ అన్న లైను ముందున్న హ్యాష్ తీసేసి, విలువ ఇగ్నోర్ అని మార్చి రీబూట్ చేయాలి. రూటర్‌కి వైఫైతో కాకుండా కేబుల్‌తో కలపండి. ఒక్క మీటరు కేబుల్‌కి పిసినారితనం చేసి, తర్వాత "అప్పుడప్పుడు ఆగిపోతోంది" అని వెతుక్కునేవాళ్ళని చూశాను, అందులో నేనూ ఉన్నాను.

వెబ్ సర్వర్‌గా క్యాడీ పెట్టండి. డెబియన్ 12 నుంచి దాని సొంత ప్యాకేజీల్లోనే ఉంది, ఆప్ట్ అన్న కమాండ్‌తో ఇన్‌స్టాల్ చేస్తే వెంటనే నడుస్తుంది, రీబూట్ అయినా తనంతట తనే లేస్తుంది. ఎంజిన్‌ఎక్స్ అనే ఇంకో వెబ్ సర్వర్ ఉంది, అది వద్దనడం లేదు, నేను మొదలుపెట్టింది దానితోనే. అక్కడ మన తెలుగువాళ్ళకి తగిలే ఒక దెబ్బ తిన్నాను: భజనల సాహిత్యం టెక్స్ట్ ఫైళ్ళుగా పెడితే, తెలుగు అక్షరాల చోట చిన్న ఇంగ్లిష్ 'ఏ' మీద గీత, పక్కన డిగ్రీ గుర్తు, పేజీ నిండా అదే చెత్త! ఫైలు పాడవలేదు, అది యూటీఎఫ్-8 (తెలుగుతో సహా అన్ని లిపులనీ దాచే కోడ్ పద్ధతి) అని సర్వర్ బ్రౌజర్‌కి చెప్పలేదు, అంతే. ఎంజిన్‌ఎక్స్‌లో క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అని ఒక లైను చేరిస్తే తగ్గింది, హెచ్‌టీఎంఎల్ పేజీలైతే పైన మెటా ట్యాగ్‌లో కూడా ఆ మాట రాస్తే మంచిది. క్యాడీ టెక్స్ట్ ఫైళ్ళకి దీన్ని తనే చెప్పేస్తుంది.

ఫైళ్ళని మీ హోమ్ ఫోల్డర్‌లో పెట్టకండి. క్యాడీ వేరే యూజర్‌గా నడుస్తుంది, మీ హోమ్‌లోకి దానికి అనుమతి ఉండదు, 403 అని ముఖం మీద తలుపేస్తుంది. ఎస్ఆర్‌వీ అనే ఫోల్డర్ కింద ఒకటి చేసుకుని అక్కడ పెట్టండి. క్యాడీ సెట్టింగులుండే క్యాడీఫైల్‌లో మూడు లైన్లు చాలు, పైన అడ్రస్ (ఇప్పటికి 80వ పోర్ట్), దాని కింద రూట్ ఫోల్డర్ ఎక్కడో, ఆ కింద ఫైల్ సర్వర్ అన్న మాట. సేవ్ చేసి రీలోడ్.

ఇప్పుడు పరీక్షలు లోపలినుంచి బయటికి, ఒక్కో మెట్టు. ముందు ఆ ల్యాప్‌టాప్‌లోనే కర్ల్ అన్న కమాండ్‌తో లోకల్‌హోస్ట్‌ని (అంటే ఆ మెషీన్‌నే) అడగండి, పేజీ రావాలి. తర్వాత ఇంటి వైఫైలో ఉన్న ఫోన్లో ల్యాప్‌టాప్ అడ్రస్, ఉదాహరణకి 192.168.1.50, కొట్టి చూడండి. ఇక్కడ రాకపోతే రూటర్ జోలికి వెళ్ళకండి, తప్పు ఇంకా లోపలే ఉంది, చాలావరకు ల్యాప్‌టాప్‌లోని ఫైర్‌వాలే, 80, 443 (హెచ్‌టీటీపీఎస్ పేజీల పోర్ట్) తెరిచి చూడండి.

రూటర్‌లో ముందు చేయాల్సింది ఆ 192.168.1.50ని స్థిరం చేయడం. రూటర్ అడ్రసులని అద్దెకిచ్చినట్టు ఇస్తుంది, రేపు కరెంటు పోయొచ్చాక అదే అడ్రస్ మీ టీవీకి వెళ్ళొచ్చు, అప్పుడు లోకమంతా మీ టీవీ తలుపు కొడుతుంది. అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ పేజీలో అడ్రస్ రిజర్వేషన్ అనో స్టాటిక్ లీజ్ అనో ఉంటుంది, అక్కడ ల్యాప్‌టాప్ మ్యాక్ అడ్రస్‌కి (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నంబర్) ఆ ఐపీని కట్టేయండి. కేబుల్‌కి ఒక మ్యాక్, వైఫైకి ఇంకోటి ఉంటాయి, కేబుల్‌దే ఇవ్వాలి.

తర్వాత పోర్ట్ ఫార్వర్డింగ్. ఈ పేజీకి ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది, వర్చువల్ సర్వర్, న్యాట్, అప్లికేషన్స్, కొన్నింట్లో గేమింగ్ అని కూడా. పేరేదైనా అడిగేవి అవే: బయటి పోర్ట్ 80, లోపలి ఐపీ 192.168.1.50, లోపలి పోర్ట్ 80, ప్రొటోకాల్ టీసీపీ. ఇలాంటిదే 443కి ఇంకొకటి. 80 ఇప్పటికే వాడుకలో ఉందని రూటర్ మొండికేస్తే, దాని సొంత అడ్మిన్ పేజీని బయటికి తెరిచి పెట్టి ఉండొచ్చు. రిమోట్ మేనేజ్‌మెంట్ అన్నది వెంటనే ఆపేయండి, సర్వర్ పెట్టినా పెట్టకపోయినా అది తెరిచి ఉండకూడదు. పక్కనే డీఎంజెడ్ అని ఊరించే బటన్ ఒకటి ఉంటుంది, అది నొక్కితే అన్నీ పనిచేస్తాయని చాలామంది చెప్తారు, నిజమే, అన్ని పోర్టులూ తలుపులు బార్లా తెరిచేస్తే ఎందుకు పనిచేయవు! దాని జోలికి వెళ్ళకండి.

బయటినుంచి పరీక్ష ఫోన్లో వైఫై ఆపేసి మొబైల్ డేటాతోనే చేయాలి. ఇంటి వైఫైలో ఉండి మీ పబ్లిక్ ఐపీ కొడితే కొన్ని రూటర్లు లోపలికి తిప్పి పంపలేవు, అన్నీ సరిగ్గా ఉన్నా పేజీ రాదు.  పేజీ రాకపోతే ఎలా రావడంలేదో గమనించండి, అందులోనే జవాబుంటుంది. "కనెక్షన్ రెఫ్యూజ్డ్" అని టక్కున వస్తే మీ పిలుపు ఎక్కడో ఒక మెషీన్ దాకా చేరింది కానీ అక్కడ ఆ పోర్ట్‌లో వినేవాడు లేడు, లోపలి ఐపీ గానీ పోర్ట్ గానీ తప్పు కొట్టారేమో చూడండి, లేదా క్యాడీ ఆగిపోయి ఉండొచ్చు. అలా తిరిగీ తిరిగీ చివరికి "టైమౌట్" అంటే దారిలో ఎవరో మింగేశారు, ఫైర్‌వాల్, కంపెనీ మూసేసిన పోర్ట్, లేదా మళ్ళీ ఆ పెద్ద గేటే.

పేజీ వచ్చిందా? ఒక కేక వేసుకోండి, ఇక పేరు పెట్టాలి. స్టాటిక్ కాని పబ్లిక్ ఐపీ రూటర్ రీస్టార్ట్ అయినప్పుడల్లా మారొచ్చు కాబట్టి డైనమిక్ డీఎన్ఎస్ (మారే ఐపీని ఒకే పేరుకి కట్టి ఉంచే సేవ) కావాలి. డక్‌డీఎన్ఎస్‌లో ఉచితంగా 5 పేర్లు ఇస్తారు, వాళ్ళ సైట్లోనే ఉన్న చిన్న స్క్రిప్ట్‌ని క్రాన్‌లో (టైము ప్రకారం పనులు నడిపేది) పెడితే 5 నిమిషాలకోసారి "నేను ఇప్పుడు ఇక్కడున్నాను" అని చెప్తూ ఉంటుంది. నో-ఐపీ కూడా ఉంది, కానీ దాని ఉచిత పేరుని 30 రోజులకోసారి గుర్తుపెట్టుకుని ఖాయం చేయాలి, నాకు గ్యాస్ బుకింగే గుర్తుండదు.

పేరు పని చేయగానే క్యాడీఫైల్ మొదటి లైనులో 80 తీసి ఆ పేరు రాయండి. అంతే, లెట్స్ ఎన్‌క్రిప్ట్ లాంటి సంస్థ దగ్గర సర్టిఫికెట్ (ఆ పేరు మీదేనని బ్రౌజర్‌కి చూపించే పత్రం) క్యాడీ తనే తెచ్చుకుని హెచ్‌టీటీపీఎస్ మొదలుపెడుతుంది, గడువు దగ్గరపడితే తనే పునరుద్ధరిస్తుంది. కంపెనీ 80ని మూసేసినా 443 తెరిచి ఉంటే క్యాడీకి చాలు. ఎంజిన్‌ఎక్స్‌తో ఉన్నవాళ్ళు సర్ట్‌బాట్ లాంటి సర్టిఫికెట్ తెచ్చే ప్రోగ్రామ్ వాడాలి, అక్కడ మాత్రం ఆటోమేటిక్‌గా రెన్యూ అవుతోందో లేదో ఒకసారి పరీక్షించుకోండి, ఎందుకంటే గడువు 90 రోజులే, ముగుస్తోందని మెయిల్ పంపే అలవాటు లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2025లో మానేసింది.

సర్టిఫికెట్ వచ్చిన కాసేపటికి లాగ్ (వచ్చిన పిలుపుల రికార్డు) తెరిచి చూస్తే గుండె జారుతుంది. ఎవరికీ చెప్పని సైట్‌కి ఎక్కడెక్కడినుంచో పిలుపులు, వర్డ్‌ప్రెస్ లాగిన్ ఉందా, పాస్‌వర్డులు దాచే ఎన్వ్ ఫైల్ ఉందా అని తలుపులు తట్టడం. టెన్షన్ పడకండి. జారీ అయిన ప్రతి సర్టిఫికెట్ పేరూ బహిరంగ రిజిస్టర్‌లో చేరుతుంది, బాట్లు (ఆటోమేటిక్‌గా వెతికే ప్రోగ్రాములు) దాన్ని చూసి వస్తాయి. మీ దగ్గర ఉత్త ఫైళ్ళే ఉంటే వాటికి 404 (ఆ పేజీ లేదు) తప్ప ఏమీ దొరకదు. అందుకే మొదటి సర్వర్‌లో వర్డ్‌ప్రెస్ లాంటివి పెట్టొద్దంటాను. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) కోసం 22ని ఫార్వర్డ్ చేయనే చేయకండి, బయటినుంచి లాగిన్ కావాలంటే మీ పరికరాల మధ్యే ప్రైవేటు దారి వేసే టెయిల్‌స్కేల్ లాంటిది పెట్టుకోండి. రూటర్‌లో యూపీఎన్‌పీ (పరికరాలే పోర్టులు తెరుచుకునే సదుపాయం) ఆపండి, లేకపోతే లోపలున్న ఏ చవక కెమెరా అయినా మిమ్మల్ని అడగకుండా తనకో కన్నం పెట్టుకుంటుంది. డెబియన్‌లో సెక్యూరిటీ అప్‌డేట్లు తనే వేసుకునే అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ ప్యాకేజీ వేసేయండి. ఆధార్ కాపీలూ పొలం పాస్‌బుక్ స్కాన్లూ ఉన్న ల్యాప్‌టాప్‌నే సర్వర్ చేయకండి, ముందు ఫార్మాట్ కొట్టండి.

ఇప్పుడు పెద్ద గేటు వెనక చిక్కుకున్నవాళ్ళ సంగతి, అంటే నా సంగతి. ఐపీవీ6తో మొదలుపెట్టాను. మన దేశంలో అది బాగానే విస్తరించింది, మీ కనెక్షన్‌కి ఇప్పటికే ఉండే అవకాశం ఎక్కువ. అందులో ప్రతి పరికరానికీ నేరుగా బయటి అడ్రస్ ఉంటుంది, ఫార్వర్డింగ్ ఊసే లేదు, రూటర్ ఐపీవీ6 ఫైర్‌వాల్‌లో ల్యాప్‌టాప్‌కి 443 అనుమతి ఇచ్చి, డీఎన్ఎస్‌లో నాలుగు 'ఏ'ల రికార్డు (AAAA, పేరుని ఐపీవీ6 అడ్రస్‌కి కలిపేది) పెడితే చాలు. నా ఫోన్లో మొబైల్ డేటా మీద బ్రహ్మాండంగా వచ్చింది. అక్క ఆఫీసులో మాత్రం ఐపీవీ6 లేదు, అక్కడ రాలేదు. పైగా కొన్ని కంపెనీల రూటర్లలో ఆ ఫైర్‌వాల్‌ని మార్చే పేజీయే ఉండదు.

అందుకని చివరికి టన్నెల్. ఉపాయం చాలా సులువు: వాచ్‌మన్ బయటివాడిని రానివ్వడు గానీ లోపలివాడిని ఆపడు కదా, అందుకని సర్వరే బయటికెళ్ళి క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీతో ఒక లైను తెరిచి పట్టుకుంటుంది, వచ్చేవాళ్ళు ఆ లైను గుండా లోపలికొస్తారు. క్లౌడ్‌ఫ్లేర్‌లో సొంత డొమైన్ ఒకటి ఉండాలి, క్లౌడ్‌ఫ్లేర్‌డీ అన్న చిన్న ప్రోగ్రామ్ ల్యాప్‌టాప్‌లో వేసి, వాళ్ళిచ్చిన టోకెన్ అతికించి, ఏ పేరుకి ఏ లోపలి పోర్టో చెప్పాలి. రూటర్‌లో ఒక్క సెట్టింగూ ముట్టుకోనక్కర్లేదు. డొమైన్ కొనడం ఇష్టం లేకపోతే టెయిల్‌స్కేల్ ఫన్నెల్ చూడండి, వాళ్ళే ఒక పేరిస్తారు. ఇందులో నాకు నచ్చనిది ఒకటే, మధ్యలో ఇంకొకరు కూర్చున్నారు, క్లౌడ్‌ఫ్లేర్ అయితే హెచ్‌టీటీపీఎస్‌ని తన దగ్గరే విప్పుతుంది కాబట్టి కావాలంటే చూడగలదు. భజనలకి దాపరికం ఏముంది, నేను సరేననుకున్నాను. పబ్లిక్ ఐపీ ఉన్నవాళ్ళు మాత్రం నేరు దారే పట్టండి.

కరెంటు గురించి చెప్పి వదిలేస్తా. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది సరే, కరెంటు పోతే రూటర్, ఫైబర్ బాక్స్ రెండూ ఆగుతాయి. ఇక్కడ అర్ధరాత్రి అంటే అక్కడ అక్కకి మధ్యాహ్నం, సరిగ్గా భోజనం చేస్తూ వినే టైము. రూటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులో చూసి, 12 అని ఉంటే ఆ 12 వోల్టుల చిన్న రూటర్ యూపీఎస్ కొనండి, రెండు పరికరాలు ఉంటే రెండిటికీ చాలినంత యాంపియర్లు ఇచ్చేదే తీసుకోండి. నేను అదీ పెట్టాను. అయినా వారానికి రెండుసార్లు పొద్దున్నే సైట్ పడిపోతుంటే లాగులన్నీ తవ్వాను, కారణం దొరకలేదు. చివరికి తెలిసిందేంటంటే హాలు ఊడ్చేటప్పుడు అడ్డంగా ఉందని ఫైబర్ బాక్స్ వైరు లాగి పక్కన పెడుతున్నారు. ఇప్పుడు దాని మీద తెల్ల ప్లాస్టర్ అంటించి "తీయొద్దు, అక్క వింటోంది" అని రాశాను.